కొరీనా వేన్నీళ్లు

సెప్టెంబరు 3, మంగళవారం

ఈ నోటుపుస్తకం నేను పనిచేసే దుకాణం వాళ్లిచ్చింది. కొత్తరకం గంజాయి వచ్చినప్పుడల్లా వాసన ఎలా ఉంది, గొంతులో ఎలా దిగింది, ఎంతసేపు నిలిచింది రాసుకోమని మా మేనేజరు డార్లా మాకందరికీ తలా ఒకటి పంచింది. మొదటి పదకొండు పేజీలూ బుద్ధిగా అదే రాశాను. ఇక్కణ్ణించి రాసేది మాత్రం డార్లా చూడకూడదు, కొరీనా అసలే చూడకూడదు.

ఈ పొద్దున కూడా నాకు చన్నీళ్లే మిగిలాయి. కొరీనా గంటా పది నిమిషాలు స్నానం చేసింది, అదీ తలుపు గడియ పెట్టుకుని. మా స్నానాలగదికి గడియ ఉందన్న సంగతే పన్నెండేళ్ల కాపురంలో నేను మరిచిపోయాను. బయటికొచ్చేసరికి మనిషి ఉడికించిన బీట్‌రూట్ రంగులో ఉంది.

"ఏంటంత మురికి? ఉక్కు ఫ్యాక్టరీలో చేరావా?" అన్నాను.

"ఒళ్లు నొప్పులు, ఫీనో. వేడి తగిలితే హాయిగా ఉంటుంది."

బడి వంటగదిలో పనిచేసే మనిషికి రోజుకి మూడు స్నానాలెందుకు? మా చిన్నాన్న సెవెరో కాన్యన్ సిటీ ఆవిడ దగ్గర్నుంచి వచ్చిన రోజు మాత్రమే సబ్బు రుద్దుకునేవాడు. పిన్నికి అలాగే తెలిసింది.

సెప్టెంబరు 7, శనివారం

పొద్దున్నే వాంతులు. నాకు వినపడకుండా కొళాయి తిప్పి మరీ చేసుకుంటోంది. 

పిల్లలు పుట్టకుండా నాకు ఆపరేషన్ అయి ఆరేళ్లయింది.

సెప్టెంబరు 8, ఆదివారం

మందుల షాపు నుంచి గర్భపరీక్ష పట్టీ తెచ్చి బల్లమీద పెట్టాను. కొరీనా దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఎవరికిది?"

"నాకైతే కాదుగా."

మొదట నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వాపింది. ఆ డబ్బా నా మీదికి విసిరి, మళ్లీ ఏరుకుని, లోపలికెళ్లి పరీక్ష చేసుకుని, ఆ పట్టీ తెచ్చి నా కాఫీకప్పు పక్కన పెట్టింది. ఏమీ లేదు. ఒకటే గీత.

"చాలా? మార్చి నుంచి నా కడుపు బాగాలేదని నీకు చెప్పలేదూ?"

"ఎప్పుడు చెప్పావు?"

"చెప్పాను. నువ్వు మైనం తెచ్చిచ్చావు."

నిజమే, తెచ్చాను. ఇవాళ ఇంకా మేలురకం తెచ్చాను. పాత రోజుల్లో మొగ్గలు చుట్టి తాగేవాళ్లం, ఇప్పుడు వాటి సారం తీసి మైనంలా గడ్డకట్టించి అమ్ముతున్నాం. బియ్యపుగింజంత చాలు. వాంతులకి దీన్ని మించింది లేదు. ఈ చేత్తో ఐదేళ్లుగా కాన్సర్ వాళ్లకి ఇస్తున్నాను, వాళ్లు వచ్చి నా చెయ్యి పట్టుకుని దండం పెట్టినంత పని చేస్తారు. సొంత పెళ్లానికి చేసుకోలేనా? సాయంత్రం వరండాలో ఇద్దరం కలిసి పీల్చాం. రోజంతటిలో నాకిష్టమైన సమయం అదే. నా భుజానికానుకుని, ఎదురింటి ముసలాయన కుక్కని తిట్టే తిట్లు అనుకరించింది. గర్భం లేదు. ఎవడూ లేడు. నేనే వెధవని.

సెప్టెంబరు 14, శనివారం

ఊరంతా మిరపకాయలు కాల్చే వాసన. ప్యూబ్లోలో ఈ నెలంతా ఇంతే, ప్రతి మూలమలుపులోనూ ఇనప పీపా తిప్పుతూ ఎవడో ఒకడు కాలుస్తుంటాడు. దుకాణం నుంచి ఇంటికొస్తే కొరీనా మంచం మీద పడుకుని ఉంది. చొక్కా పైకి జరిగింది. పొట్టంతా ఎర్రగా కందిపోయి ఉంది, మిరపఘాటు గుప్పుమంది.

"మీ అమ్మ వాళ్లింట్లో కాల్చేటప్పుడు మీద పడిందా?"

"కాదు. అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ రాశారు, మిరపకాయ సారంతో చేసిన పూతమందు. మంటగా ఉంది గానీ వాంతి ఆగింది."

"ఎవరు రాశారు?"

"నర్సు."

"ఆవిడ పేరేంటి?"

"ఎమిల్."

నా పెళ్లాం పొట్టమీద ఎమిల్ అనేవాడు అరచెయ్యి పెట్టి మందు రుద్దాడు. ఆ చెయ్యి అచ్చులాగా కందింది, బొడ్డు చుట్టూ, పక్కటెముకల దాకా.

జబ్బేమిటంటే గంజాయేనట. ఏళ్ల తరబడి, ఘాటైనది, రోజూ తాగేవాళ్లలో కొంతమందికి కడుపు తిరగబడుతుందట. వేన్నీళ్లు పోసుకుంటే తప్ప తగ్గదట. పూర్తిగా మానేస్తే పోతుందట, మళ్లీ ముట్టుకుంటే మళ్లీ వస్తుందట.

"మొట్టమొదట అతనడిగింది అదే, ఫీనో. వేన్నీళ్ల స్నానం చేస్తే తగ్గుతోందా అని. నాకు ఏడుపొచ్చేసింది. పిచ్చేమో అనుకున్నాను ఇన్నాళ్లూ."

స్నానాల గురించి నేనూ అడిగాను. నేనడిగితే ఏడవలేదు.

సెప్టెంబరు 17, మంగళవారం

వాణ్ణి చూసి వచ్చాను. ఎమిల్ క్రాసోవెట్స్. బట్టతల, పొట్ట, ఒక మోకాలు సరిగ్గా వంగదు. అందగాడైతే బాగుండేది, ఏం చూసి పడిపోయిందో తెలిసేది.

"మీరేనా ఫీనో? కూర్చోండి. మీరు కూడా తాగుతారా?"

"అమ్ముతాను కూడా."

"అయితే మీకు నా మీద కోపం ఉంటుంది," అన్నాడు మర్యాదగానే. "గంజాయి అమ్ముకోవచ్చని చట్టం వచ్చాక మొదటి ఏడు ఈ వాంతులేమిటో మాకెవరికీ అర్థం కాలేదు. పిత్తాశయమని కోసేశాం, పేగులని గొట్టాలు దింపాం. ఇప్పుడైతే వారానికొకరైనా తడిజుట్టుతో వస్తారు."

"కాన్సర్ వాళ్లకి వాంతులు తగ్గించేది ఇదే కదండీ? నా కళ్లతో చూశాను."

"నేనూ చూశాను. కొందరికి తగ్గిస్తుంది, కొందరికి తెప్పిస్తుంది. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు."

"మరి సారా మాటో? దానివల్ల పోయేవాళ్లెందరు?"

"అదీ చూస్తున్నాను, రోజూ. నేను చట్టానికి ఓటేశానండీ. గంజాయి చుట్ట ముక్క దొరికిందని మా తమ్ముణ్ణి జైల్లో పెట్టారు, అందుకు వేశాను. మళ్లీ ఓటుకి పెడితే మళ్లీ వేస్తాను. కానీ వాంతులతో ఎండిపోతున్న మీ ఆవిడ మూత్రపిండాలు ఓటేసేవి కావు."

మాటకారి. కొరీనా నాతో ఎప్పుడూ అంటుండేది, నీకు మాట్లాడటం రాదు ఫీనో అని.

సెప్టెంబరు 30, సోమవారం

పదహారు రోజులుగా ఆమె ముట్టుకోలేదు. వరండాలో నేనొక్కణ్ణే.

అక్టోబరు 10, గురువారం

మానేసినవాళ్ల కోసం ఎమిల్ గురువారాలు చర్చి హాల్లో ఒక కూటం నడుపుతున్నాడు, పొద్దున పదింటికి. కొరీనా బడిలో సెలవు పెట్టుకుని వెళ్తోంది. వెళ్లేముందు లిప్‌స్టిక్ వేసుకుంది. వాంతులు చేసుకునే పన్నెండు మంది కోసం లిప్‌స్టిక్!

మా అత్తగారు ఎలోయిసా పచ్చిమిర్చి పులుసు పట్టుకొచ్చింది. "చూశావా అల్లుడూ, పిల్ల మొహంలో కళ వచ్చింది. ఆ ఎమిల్ ఎవరోగానీ, వాడి కడుపు చల్లగా ఉండాలి."

"మొహంలోకి వచ్చింది కళ కాదు అత్తయ్యా, రంగు."

"నీకు ఏడుపెందుకయ్యా, పెళ్లాం బాగుపడితే?"

కొరీనా గిన్నె నాకుతూ చెప్పింది, వారం వారం ఎమిల్ మూత్రపరీక్ష చేయిస్తున్నాడట, ఒంట్లో మిగిలిన గంజాయి అంకె ప్రతివారం దిగుతోందట, ఇంకో వారం చూసి పరీక్షలు ఆపేస్తాడట. ఎమిల్ అన్నాడు మెల్లగా నమలాలని. ఎమిల్ అన్నాడు నడవాలని. ఎమిల్ అన్నాడు ఇంట్లో ఎదురుగా ఎవరూ తాగకపోతే మంచిదని.

అంటే నేను నా వరండాలోంచి కూడా లేచిపోవాలి.

అక్టోబరు 17, గురువారం

దుకాణానికి ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై రెండో ఇరవై మూడో. బయట మంచు పడేలా ఉంది, జుట్టు తడితడిగా మెడకి అంటుకుని ఉంది. చేతివేళ్లు నానిపోయి ముడతలు పడ్డాయి.

"కడుపులో తిప్పడానికి ఏమైనా ఘాటుగా ఉందా అండీ? పోయిన్సారి మీరిచ్చింది ఓ గంట పనిచేసింది."

వైద్యం చెప్పకూడదని డార్లా రూలు. నేను చెప్పలేదు. ఘాటైనది ఇచ్చాను.

అక్టోబరు 22, మంగళవారం

ఇవాళ వంట నాది. బీన్స్‌లో కాస్త వెన్న వేశాను. దుకాణం వెన్న, గంజాయి కాచి కలిపినది. అరచెంచా కూడా కాదు, దానికి పిల్లికైనా మత్తెక్కదు. ఇది పరీక్ష, అంతే. తిన్నాక ఆమెకేమీ కాకపోతే ఎమిల్ చెప్పిందంతా ఉత్తిదేనని తేలిపోతుంది. తేలాక నేనే ఆమెకు చెబుతాను, ఇద్దరం నవ్వుకుంటాం.

కొరీనా రెండోసారి వడ్డించుకుంది.

అక్టోబరు 23, బుధవారం

ఏమీ కాలేదు! వాంతి లేదు, వేన్నీళ్లు లేవు. నిన్న సాయంత్రం ఎదురింటాయన కుక్కని తిడుతుంటే ఆరు వారాల తర్వాత కొరీనా పడీపడీ నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ ఏమందో తెలుసా?

"ఎమిల్ చెప్పాడు, ఇలా అవుతుందని. మానేసిన కొన్నాళ్లకి మన బుర్రే దాని సంతోషం అది తయారుచేసుకోవడం మొదలెడుతుందట. అదే అయ్యుంటుంది ఇది."

వెన్న నాది, పేరు వాడిది. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్టోబరు 29, మంగళవారం

ఒక చెంచా.

నవంబరు 3, ఆదివారం

మొన్న ఒకటి, ఇవాళ ఒకటి. చాలా కొద్దిగా.

సోఫాలో నా భుజం మీద తల పెట్టుకుంది. "నీతో గొడవపడ్డాను చాలా. నువ్వు మంచోడివే ఫీనో. ఈమధ్య నిన్ను చూస్తే మళ్లీ మొదట్లోలాగా అనిపిస్తోంది," అంది. అంతసేపటిలో ఒక్కసారి కూడా ఎమిల్ పేరెత్తలేదు. ఆ పేరు రాకుండా గడిచిన మొదటి ఆదివారం ఇదే.

నవంబరు 8, శుక్రవారం

పొద్దున నలభై నిమిషాలు స్నానాల గదిలో ఉంది. నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది. ఊళ్లో ఫ్లూ తిరుగుతోంది. డార్లాకి కూడా వచ్చింది.

నవంబరు 12, మంగళవారం

ఏమీ ఇమడటం లేదు. నిన్నటి నుంచి మంచినీళ్లు తాగినా కక్కేస్తోంది. వేన్నీళ్ల తొట్టిలోంచి లేవనంటోంది. అత్తగారు సూప్ పంపింది. వాంతి తగ్గాలి కదా, అందులో రెండు చెంచాలు వేశాను. తగ్గాలి. కాన్సర్ వాళ్లకి తగ్గేది ఈమెకెందుకు తగ్గదు?

నవంబరు 14, గురువారం

ఆసుపత్రి. స్నానాలగదిలో పడిపోయింది. ఒంట్లో నీరు బొత్తిగా లేదన్నారు, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయన్నారు. పెదాలు పగిలి నెత్తురు. ఆమె అరుపులు ఆసుపత్రి వరండా చివరిదాకా వినిపించాయి. 

ఎమిల్ కాగితం పట్టుకుని వచ్చాడు. పరీక్షలు ఆపేదాకా ప్రతివారం దిగుతూ వచ్చిన అంకె ఎగబాకింది, మొదటిరోజు కంటే పైకి.

"కొరీనా, నేను కోప్పడను. మళ్లీ మొదలెట్టారా?"

"లేదు."

"కాగితం మరోలా చెబుతోందమ్మా."

"నేను ముట్టుకోలేదు! దేవుడి మీద ఒట్టు ఎమిల్, ముట్టుకోలేదు!"

అత్తగారు మంచం పట్టీ పట్టుకుని వంగింది. "నా కళ్లలోకి చూసి చెప్పవే. మీ నాన్న కూడా సీసా వెనక దాచుకుని ఇలాగే ఒట్లు పెట్టేవాడు."

"అమ్మా, నువ్వు కూడానా?"

అప్పుడు కొరీనా నా వైపు తిరిగింది. "ఫీనో, నువ్వు చెప్పు. ఇంట్లో ఉండేవాడివి నువ్వు."

"ఆమె తాగలేదు," అన్నాను. అది అబద్ధం కాదు.

ఎమిల్ నన్నొకసారి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ బయటికెళ్లింది. కొరీనా సూది గుచ్చిన చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వొక్కడివే నమ్మావు. ఆ కూటానికి ఇక వెళ్లను. వాడి మొహం చూడను."

సంతోషం వేసింది. రాసేస్తున్నాను, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను. ఆ క్షణంలో నాకు పట్టరాని సంతోషం వేసింది.

నవంబరు 15, శుక్రవారం

మధ్యాహ్నం ఎమిల్ మళ్లీ వచ్చాడు. కొరీనా గోడ వైపు తిరిగి పడుకుంది. వాడు కుంటుకుంటూ మంచం చుట్టూ తిరిగి అవతలివైపు వెళ్లి నిలబడ్డాడు.

"క్షమాపణ చెప్పుకోవడానికొచ్చాను. నిన్నట్నుంచి ఆలోచిస్తున్నాను. మీరు అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పాలనుకుంటే ఇన్ని గురువారాల్లో ఎప్పుడో చెప్పేవారు. యంత్రం తప్పైనా అవ్వాలి, ఇంకేదైనా జబ్బైనా ఉండాలి. డాక్టరమ్మతో గొడవపడి వచ్చాను, గంజాయి సంగతి పక్కనపెట్టి మళ్లీ మొదట్నించీ చూడమని."

కొరీనా వెక్కివెక్కి ఏడ్చింది. వాడి చేతిని పట్టుకుని ఏడ్చింది.

వరండాలో డాక్టరమ్మ నాకు చెప్పింది. స్కానులో పిత్తాశయంలో రాళ్లలాంటివి కనబడ్డాయట, ఇక మిగిలిన అనుమానం అదొక్కటేనట, రేపు పొద్దున పిత్తాశయాన్నే కోసి తీసేస్తారట. "మూత్రపిండాలు ఈ స్థితిలో ఉండగా మత్తు ఇవ్వడం నాకిష్టం లేదండీ. కానీ ఇలాగే వాంతులు సాగినా బతకదు."

నేను కొరీనాని నమ్మలేదు. నాకు తెలుసు, అంతే. వాడికి తెలియదు, వాడు నమ్మాడు. 

రాళ్లు మా అత్తగారికీ ఉన్నాయి, మా అమ్మకీ ఉండేవి, ఎవరికీ ఏమీ కాలేదు.

చెప్పకపోయినా కోత తర్వాత ఎలాగూ తగ్గుతుంది, ఇక నేను వెయ్యను కాబట్టి. తగ్గితే పిత్తాశయమే అనుకుంటారు. మత్తులోంచి లేస్తే.

లేస్తే.

నవంబరు 16, శనివారం

ఏడింటికి తీసుకెళ్తామన్నారు. ఆరున్నరకి చెప్పాను. కొరీనాకి విడిగా చెబుదామనుకున్నాను గానీ ఎమిల్ అక్కడే ఉన్నాడు, సెలైన్ సీసా మారుస్తున్నాడు. వాడు బయటికెళ్లేదాకా ఆగితే నాకు మళ్లీ ధైర్యం చాలదు.

"ఆపరేషన్ వద్దు. అన్నంలో నేనే కలిపాను. వెన్న, దుకాణందే."

ఎమిల్ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. నన్ను కొడతాడనుకున్నాను. "ఎప్పుడు ఆఖరిసారి?" అన్నాడు. మంగళవారం, రెండు చెంచాలన్నాను. ఫోనందుకుని డాక్టరమ్మకి చెప్పాడు, కోత ఆపమన్నాడు.

కొరీనా పైకప్పుకేసి చూస్తూనే అడిగింది. గొంతు చెడి మాట గాలిలాగా వచ్చింది.

"నేను పడీపడీ నవ్విన రోజు?"

"అవును."

"నీ భుజం మీద పడుకున్న రోజు?"

"అవును కొరీనా. నేను..."

"ఆగు. ఆ రోజు నాకు నీ మీద మళ్లీ ప్రేమ పుట్టిందనుకున్నాను. మర్నాడు ఆ మాటే మా అమ్మకి చెప్పుకుని మురిసిపోయాను. అది కూడా నువ్వు కలిపిందేనా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు, ఆమెకీ తెలియదు.

"మా అమ్మకి ఫోన్ చెయ్. నేను అబద్ధం చెప్పలేదని నీ నోటితో చెప్పు," అంది. చేశాను. అత్తగారు మొత్తం విన్నది. తిడుతుందని ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నాను. "దానికివ్వు," అంది అంతే. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ మాటలో అల్లుడూ అన్న పిలుపు లేదు.

కొరీనా తల్లితో మాట్లాడి ఫోన్ నాకివ్వకుండా దిండు పక్కన పెట్టుకుంది. "ఎమిల్, ఇతన్ని బయటికి పంపించు," అంది.

పంపించనక్కర్లేకుండానే లేచాను. తలుపు మూసుకుంది. వరండాలో నిలబడ్డాను. లోపల వాడు మెల్లగా ఏదో అన్నాడు, ఆమె ఏడవడం మొదలుపెట్టింది, వాడు మళ్లీ ఏదో అన్నాడు. ఇంత చేసినవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోవాల్సినవాణ్ణి, నాకు అప్పుడు కూడా ఒళ్లు మండింది. వాడు ఆమెతో ఏమంటున్నాడో వినాలని తలుపుకి చెవి ఆనించాను.